తెర పక్కన వదిన

వదినకి నాటకం మొత్తం కంఠతా వచ్చు. మరదలికి ఒక్క ముక్క రాదు. అయినా పేరు మరదలికే వచ్చింది. వదిన కడుపుమంటకి కారణం ఇంతే. మిగతాదంతా దాని మీద పోసిన నెయ్యి.

ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే సాయంత్రం కాలేజీ. పెళ్ళికి ముందు ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేస్తానని వదిన అడిగినప్పుడు అత్తగారు కాదనలేదు. "ఒక్కదానివీ ఏం వెళ్తావు, దీన్ని కూడా లాక్కుపో. ఇరవై నాలుగ్గంటలూ ఆ ఫోనులో తల దూర్చి కూర్చుంటోంది" అని కూతుర్ని తగిలించింది. అలా మరదలు చదువులోకి వచ్చింది, వదిన వెనకాలే, వదిన కొనిచ్చిన పెన్ను పట్టుకుని. పగలు వదిన కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళ మీద చిరునామాలు అంటిస్తుంది. మరదలు కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి, వచ్చినవాళ్ళ ముఖాలకి ఏ ఫ్రేము నప్పుతుందో చెబుతుంది. ముఖం చూసి మాట్లాడ్డం ఆ పిల్ల ఉద్యోగం, ముఖం చూడకుండా పని చేసుకుపోవడం వదిన ఉద్యోగం. ఈ తేడా ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు కదా.

ఆ ఏడాది వాళ్ళకి ఒక ఆధునిక నాటకం పాఠంగా పెట్టారు. అందులో ఒక నర్సు ఉంటుంది. ఆసుపత్రి తగలబడుతుంటే అందరూ తలో దిక్కూ పరిగెడతారు గానీ, నడవలేని రోగుల్ని విడిచి ఆమె కదలదు. మర్నాడు ఆమెని వెతుక్కుంటూ ఒక టీవీ నిర్మాత వస్తాడు. చెడ్డవాడే, కానీ గొంతు పెంచడు, చెయ్యెత్తడు, అబద్ధం కూడా ఆడడు. ఊరికే మెచ్చుకుంటాడు. మెచ్చుకోగా మెచ్చుకోగా, దాహమన్నవాడికి గ్లాసుడు నీళ్ళివ్వాలన్నా ముందు కెమెరా ఎక్కడుందో చూసుకునే స్థితికి వస్తుంది ఆ మహాతల్లి. చెడు ఎప్పుడూ ఎదురుగా కత్తి దూసి రాదనీ, చప్పట్లు కొడుతూ పక్కనే నడుస్తుందనీ మాస్టారు పాఠం మొదలుపెట్టిన రోజే చెప్పారు. వదిన ఆ మాట వెంటనే రాసుకుంది. మరదలు కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇంట్లో ఇద్దరూ చదువుకునే పద్ధతి కొంచెం విచిత్రం. వంటగది గట్టు దగ్గర ఎదురెదురుగా నిలబడి, వదిన నర్సు మాటలు పైకి చెప్పేది. నిర్మాత వంతు రాగానే గొంతు ఆపేసి, అతని మాటల్ని చప్పుడు లేకుండా పెదవులతో ఆడించేది. మరదలు ఆ పెదవులు చూస్తూ గడగడా అప్పజెప్పేసేది. కూరగాయలు తరిగేటప్పుడూ, బస్సులోనూ, బట్టలు ఆరేసేటప్పుడూ ఇదే వరస. నేర్పుతున్నానని వదిన అనుకుంది. నిజానికి ఆ పిల్లకి ఒక్క వాక్యం కూడా సొంతంగా నిలవకుండా చేసింది. ఎవరైనా మన నోటి వైపే చూస్తూ ఉంటే బాగానే ఉంటుంది, దాన్ని చెడగొట్టుకోవాలని ఎవరికి మాత్రం ఉంటుంది?

చెడగొట్టింది మాస్టారు. ఒక సాయంత్రం క్లాసులో, "ఈ నాటకంలో అసలు చెడ్డవాళ్ళెవరు?" అని అడిగారు. వదిన లేచి నిర్మాత నుంచి ప్రేక్షకుల దాకా ఒక్కొక్కర్నీ తీసుకుని, అంకాలవారీగా, ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. మాస్టారు తలాడించారు. తర్వాత మరదల్ని లేపారు. అది నీళ్ళు నమిలి, తల గోక్కుని, "నాకు ఆ నిర్మాతే నచ్చాడు మాస్టారూ" అంది. క్లాసంతా గొల్లుమంది. "కాదు మాస్టారూ, నిజంగా. నాటకం మొత్తంలో ఆ నర్సు చెప్పేది మధ్యలో ఆపకుండా విన్నవాడు అతనొక్కడే. ఆమె మొగుడు కూడా వినలేదు. అందుకే పడిపోయింది."

నవ్వు ఆగిపోయింది. మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, నాకు తట్టలేదమ్మా ఈ మాట" అన్నారు.

ఆ మాట మరదలు తన దగ్గర దొంగిలించిందైతే వదినకి ఎంత బావుండేది! నిక్షేపంగా కోపం తెచ్చుకుని, భర్తతో చెప్పుకుని, రెండు రోజులు మాట్లాడ్డం మానేసేది. అది తనది కాదు. పేజీ పేజీ నమిలి మింగినా తనకి తట్టనే లేదు. బస్సులో మరదలు తన భుజం మీద తల వాల్చి నిద్రపోతుంటే, ఆ తలని కాస్త అటు నెట్టేయాలనిపించింది వదినకి. నెట్టలేదనుకోండి, కానీ అనిపించింది.

ఆ తర్వాతి వారం క్లాసులో మరదలు నిర్మాత మాటలు చెబుతుంటే ఎవరో ఫోనులో తీశారు. దుకాణంలో అమ్మకానికి పెట్టే గుండ్రటి కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని, మెల్లగా, తియ్యగా, "మీరు మంచివారని మీకు తెలుసా? పాపం, మీకెవరూ చెప్పలేదా?" అంటోంది. ఎదురుగా కూర్చుని పెదవులు ఆడిస్తున్న వదిన ఆ బొమ్మలో లేదు. ఆమె మోచెయ్యి మాత్రం ఒక మూల పడింది. ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఆ కళ్ళజోడు కావాలంటూ జనం దుకాణానికి వచ్చారు. అత్తగారైతే పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పసిపిల్ల దాకా అందర్నీ కూర్చోబెట్టి చూపించింది.

"మా అమ్మాయి గొంతులో ఏదో ఉందమ్మా" అని ఆవిడ మురిసిపోతుంటే, వదిన వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే కడిగింది.

కొరియర్ ఆఫీసుకి వచ్చినవాళ్ళు కూడా, "మీరు ఆవిడ వదినగారట కదా?" అని అడగడం మొదలెట్టారు. "అవునండీ" అని నవ్వుతూ, వాళ్ళ పార్సిలు మీద చీటీ వంకరగా అంటించేది. అంతకన్నా పెద్ద పగ తీర్చుకోవడం ఆ ఉద్యోగంలో కుదరదు.

వీడియో పుణ్యమా అని కాలేజీవాళ్ళు నాటకం వెయ్యాలనుకున్నారు. ఒక టీవీ ఛానెల్ వచ్చి చిత్రీకరిస్తానంది. నిర్మాత వేషం మరదలికి. అది ఎలాగూ పోయింది, నర్సు వేషం తనదేనని వదిన ధైర్యంగా ఉంది. మంచి ఆవిడ వేషం, ఎక్కువ మాటలున్న వేషం, ఆఖర్న అందరూ కళ్ళు తుడుచుకునే వేషం. మాస్టారు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు లేకపోతే ఈ నాటకమే లేదమ్మా. అందరి మాటలూ నీకు వచ్చు. అందుకని..."

వదిన ముఖం విప్పారింది.

"...నువ్వు తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్ళకి మాట అందించాలి. ప్రాంప్టింగ్. ఇంకెవరికి సాధ్యం చెప్పు?"

"నర్సు వేషం..." అని గొణిగింది.

"నువ్వు చెబితే పరీక్షలో జవాబులా ఉంటుందమ్మా. తప్పేం ఉండదు. ఏమీ ఉండదు." ఆయన ప్రేమగానే అన్నారు. ప్రేమగా అన్నమాటకి తిరిగి ఏమంటాం?

ఇంటికొచ్చాక మరదలు వదిన చంకలో చెయ్యి దూర్చి, "నువ్వు పక్కనుంటే చాలు వదినా, నాకేం భయం లేదు" అంది. ఆ పిల్లకి ఒక్క డైలాగూ రాలేదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. వదిన పెదవులున్నాయి కదా. వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఎప్పట్లాగే రిహార్సల్సులో ప్రతి మాటా అందించింది.

నాటకం రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో అత్తగారు, కొడుకుతో సహా. రెండు కెమెరాలు. తెర పక్కన చీకట్లో, ముఖం మీద మాత్రం కాస్త వెలుతురు పడేలా, వదిన ఒక స్టూలు మీద. మొదటి అంకం, రెండో అంకం సాఫీగా జరిగిపోయాయి. మరదలు పక్కకి చూడ్డం, వదిన పెదవి కదపడం, మాట బయటికి రావడం. చూసేవాళ్ళకి అది నిర్మాత ఆలోచిస్తున్నట్టు కనబడుతోంది. చప్పట్లు మాత్రం ఒక్కరికే పడుతున్నాయి. ప్రతి చప్పట్ల మోతకీ వదిన చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి. నా నోట్లో మాట, దాని పేరున చప్పట్లు. ఎన్నాళ్ళు?

ఆఖరి అంకం. నర్సు వేషం కట్టిన అమ్మాయి నేల మీద కూలబడి, నిర్మాత వైపు చూసి అడిగింది: "నన్ను ఇలా చేసిందెవరు?"

మరదలు తెర వైపు తిరిగింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. మాట వదిన నాలుక చివర్న సిద్ధంగా ఉంది. "నేను తలుపు తెరిచానంతే, నడిచింది మీరే." చిన్న వాక్యం. ఊదితే చాలు. వదిన పెదవులు మూసుకుంది.

మరదలు ఇంకా చూస్తోంది. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమైన క్షణం ఎలా ఉంటుందో వదిన దగ్గరుండి చూసింది. ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. ఇప్పటికైనా చెప్పవచ్చు. చెప్పలేదు. పడనీ, ఒక్కసారి పడనీ, ఎవరి గొంతులో ఏముందో అందరికీ తెలియనీ అనుకుంది.

మరదలు పడలేదు. ఏం చెయ్యాలో తోచక, దుకాణంలో కొనేవాళ్ళు ఎటూ తేల్చుకోకుండా నాన్చుతున్నప్పుడు తను రోజూ చేసే పనే చేసింది. ముక్కు మీది గుండ్రటి కళ్ళజోడు తీసింది. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచింది, రెండో అద్దం తుడిచింది, వెలుతురుకి ఎత్తి చూసింది. నర్సు వైపు తిరిగి, ఎంతో మర్యాదగా నవ్వి, ఆ కళ్ళజోడు ఆమెకి పెట్టింది. తెర పడింది. ఆ తర్వాత లేచిన చప్పట్లకి వదిన కూర్చున్న స్టూలు కూడా అదిరింది.

టీవీ యాంకరమ్మ మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఆఖర్న ఆ మౌనం పుస్తకంలో లేదట! మీ మాస్టారు కూడా ఆశ్చర్యపోతున్నారు. ఎవరి ఆలోచన అది?"

మరదలు తెర వెనక్కి వెళ్ళి, వదిన చెయ్యి పట్టుకుని లైట్ల ముందుకి లాక్కొచ్చింది. "మా వదినది" అంది.

మైకు వదిన నోటి ముందుకి వచ్చింది. వెచ్చటి వెలుతురు ముఖాన పడింది. అత్తగారు కళ్ళింత చేసుకుని చూస్తోంది, భర్త ఫోను ఎత్తి పట్టుకున్నాడు, మాస్టారు వంగి వింటున్నారు. ఇన్నాళ్ళూ ఎవరూ ఇలా వినలేదు.

"అవును" అంది వదిన. "రిహార్సల్సులోనే అనుకున్నాం." అక్కడితో ఆగిందా? చెడుకి మాటలు అక్కర్లేదనీ, మాట ఆపేసిన చోటే దాని బలమంతా ఉంటుందనీ ధారాళంగా చెప్పుకుపోయింది. పరీక్షలో జవాబులా లేదు. ఎంతో బాగా చెప్పింది.

తిరుగు బస్సులో మరదలు కిటికీ పక్కన కూర్చుంది. సగం దారిలో వదిన అడిగింది.

"ఎందుకలా చెప్పావే?"

"ఇంకేం చెప్పమంటావు వదినా? అంతమందిలో, మా వదినకి మాట వచ్చి కూడా చెప్పలేదని చెప్పమంటావా?" కిటికీ వైపు తిరిగింది. "నాది కాదు అంటావనుకున్నాను."

ఇంటికి చేరాక "ఉప్పు అందుకో", "తలుపు వెయ్యి" తప్ప మరదలు నోరు విప్పలేదు. వంటగది గట్టు దగ్గర ఎదురుగా నిలబడ్డం మానేసింది. వదిన ఒకసారి తనంతట తానే పాఠం ఎత్తుకుంటే, పనుందని వెళ్ళిపోయింది. ఆ పిల్ల తలని బస్సులో నెట్టేయాలనిపించిన రోజు వదినకి గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ భుజం ఖాళీగా ఉంది, బరువు మాత్రం తగ్గలేదు.

ఆదివారం పొద్దున్న ఛానెల్‌లో ఆ కార్యక్రమం వచ్చింది. ఇరుగుపొరుగు అంతా ముందు గదిలో సర్దుకుని కూర్చున్నారు. వదిన చెప్పిందంతా కత్తిరించేశారు. "మా వదినది" అన్న మరదలి మాటా, "అవును" అన్న వదిన మాటా, అంతే మిగిలాయి. ఆ ఒక్క అవునుకి అత్తగారు చప్పట్లు కొట్టింది.

"చూశారా, నా కోడలు! తెర పక్కన కూర్చుని అంత ఆలోచన చేసింది."

వదిన మరదలి వైపు చూసింది. ఆ పిల్ల తలుపుకి ఆనుకుని, టీవీ వైపు కాకుండా నేల వైపు చూస్తోంది. ఇంకొక్క నిమిషం ఆగితే మళ్ళీ ధైర్యం రాదని తెలుసు.

"లేదు అత్తయ్యా" అంది గట్టిగా. గది మొత్తం తిరిగి చూసింది. "మేమేం అనుకోలేదు. దానికి మాట గుర్తు రాలేదు. నాకు వచ్చు. దానికి పేరొస్తోందని ఓర్వలేక, కావాలనే చెప్పలేదు. ఆ తర్వాతదంతా అది సొంతంగా చేసింది."

మరదలు తలెత్తింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి వదిన కళ్ళల్లోకి చూసింది.

అత్తగారు ముందు కళ్ళార్పింది, తర్వాత పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"విన్నారా? ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలుంటారా అసలు? మరదలికి ఒక్కదానికే పేరు రావాలని, చెడ్డపేరు తన నెత్తిన వేసుకుంటోంది! ఎంత మంచి మనసమ్మా నీది!"

"బంగారం" అంది పక్కింటావిడ. "కాస్త ఆగమ్మా, ఆ మాట మళ్ళీ చెప్పు, ఫోనులో తీస్తాను" అని ఇంకెవరో లేచారు.

కాదని చెప్పాలి. నోరు తెరిచింది కూడా. కానీ అందరూ తన వైపే, తన నోటి వైపే చూస్తున్నారు. వదిన ఆపుకుందామనే అనుకుంది గానీ, పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చేసింది.

మరదలు ఆ నవ్వు చూసింది. తలుపు దగ్గర్నుంచి కదిలి, తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.