కొత్త తారు మీద మాట

ప్రతి ఉదయం పళ్ళు తోముకుంటూ లిఫ్టు మెకానిక్ తన కారు చుట్టూ ఒకసారి తిరిగేవాడు. టైరుకీ, పైన మడ్‌గార్డు అంచుకీ మధ్య చేతివేళ్ళు దూర్చి చూసేవాడు. నాలుగు వేళ్ళు పట్టేవి. నిన్నా నాలుగే, మొన్నా నాలుగే. అయినా మర్నాడు మళ్ళీ చూసేవాడు.

“ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని వాగు దాటేవాడిలా ఉంది ఈ బండి,” అనేవాడు భార్యతో. ఆమె మొదట్లో నవ్వింది. తర్వాత ఊఁ కొట్టింది. ఈమధ్య అదీ మానేసింది.

ఊళ్ళో నలభై ఒక్క లిఫ్టులు అతని చేతిలో ఉన్నాయి. వాటిని కదిలేలా చూడటమే ఉద్యోగం కాబట్టో ఏమో, కదలకుండా ఉన్న వస్తువు కనిపిస్తే అతనికి చేతులు ఊరుకునేవి కావు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ రెండు గదుల ఇంట్లో మంచం అన్ని దిక్కులూ చూసింది. గోడగడియారం నాలుగు గోడలూ తిరిగి వంటింట్లో స్థిరపడిందనుకుంటే, ఒకరోజు స్నానాలగది తలుపు మీద తేలింది. భార్య కోర్టులో స్టెనోగ్రాఫరు. సాక్షులూ ప్లీడర్లూ అన్నది అన్నట్టు పొద్దుటినుంచీ సాయంత్రందాకా రాసి ఇంటికొచ్చేది. కూర్చోబోయే ముందు కుర్చీ ఉందో లేదో వెనక్కి తిరిగి చూసుకోవడం ఆమెకి అలవాటైపోయింది.

ఇప్పుడు అతని చూపు కారు మీద పడింది. స్ప్రింగులు మార్చి కారుని కిందికి దించాలి. ఎక్కడైనా ఇది సుఖానికీ సోకుకీ మధ్య తగవే. ఆ ఊళ్ళో మాత్రం ఇంకో సంగతి కూడా చూసుకోవాలి.

రోడ్డు మీద అన్న మాట రోడ్డులోకి ఇంకుతుంది. మెత్తటి స్ప్రింగులున్న బండి ఆ మాటని మింగేస్తుంది. గట్టి స్ప్రింగులైతే దాన్ని సీట్లోకీ, సీట్లోంచి చెవుల్లోకీ ఎక్కిస్తాయి, అన్నవాళ్ళ గొంతుతోనే, అన్నది అన్నట్టు. రెండు వానాకాలాలు గడిస్తే ఆ మాట రోడ్డులోంచి కొట్టుకుపోతుంది. అందుకే లారీ డ్రైవర్లు బజారు వీధిలో రేడియో గట్టిగా పెట్టుకుంటారు. ప్లీడర్లు తమ పార్టీలతో కోర్టు మెట్ల మీదే మాట్లాడతారు. రోడ్డు కొత్తగా వేసినచోట మున్సిపాలిటీ వాళ్ళు ‘నెమ్మదిగా పోవలెను’ బోర్డు పక్కనే ‘మాట్లాడరాదు’ బోర్డు కూడా నిలబెడతారు. కొత్త తారు పట్టినట్టు మాటని ఇంకేదీ పట్టదు.

మూడు వారాల కిందట స్టెనో సరిగ్గా ఆ బోర్డు పక్కనే నిలబడి మాట్లాడింది. బస్టాపు రోడ్డు తారు ఇంకా చెప్పులకి అంటుకుంటోంది. అక్క బస్సు రావడానికి పది నిమిషాలే ఉంది. కడుపులో దాచుకున్నది బయటికి వచ్చే వేళకి మనిషికి బోర్డులు కనపడవు.

“ఆర్డరొచ్చిందక్కా, పై కోర్టుకి. మూడొందల కిలోమీటర్లు. నేనొక్కదాన్నే వెళ్తాను. ఆయన్ని తీసుకెళ్తే ఆ ఇల్లూ ఇలాగే తిరుగుతుంది. నాకు కదలకుండా ఉండే కుర్చీ ఒకటి చాలు. ఆయనకి వెళ్ళాక ఫోన్లో చెప్తాను.”

అక్క అప్పుడు బోర్డు చూసి చెల్లెలి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అప్పటికే తారు తాగేసింది.

అతను చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే మొహం మీదే చెప్పి వెళ్ళిపోయేది. వెళ్ళడం ఎంతవరకు ఖాయమో ఆమెకే తెలియదు. ఒప్పుకుంటూ ఉత్తరం రాయడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. కానీ ఆ మాట అతను వినాల్సి వస్తే తన నోటినుంచి వినాలి, కారు సీట్లోంచి కాదు. ఇన్నాళ్ళూ భయం లేకపోయింది. ఆ కారుకున్నవి కంపెనీ స్ప్రింగులు, పరుపుల్లాంటివి. అతను రోజూ ఆ రోడ్డు మీదే పనికి పోతున్నా ఒక్క ముక్క పైకి రాలేదు.

కాబట్టి స్ప్రింగుల విషయంలో ఆమె కల్పించుకుంది. సాక్ష్యం విన్నంత శ్రద్ధగా విని వారం రోజుల్లో అన్నీ తెలుసుకుంది. ఉన్న స్ప్రింగుల చుట్లు కోయించకూడదు. మరీ కిందికి దించితే షాక్ అబ్జార్బర్లు కూడా పొట్టివి వేయాలి, లేకపోతే అవి ఏడాది తిరక్కుండా కారిపోతాయి. ఇవన్నీ అతనికి వినిపించి, చివర నడుంనొప్పి చేర్చింది. గట్టి స్ప్రింగుల బండి తను ఎక్కలేనంది. నొప్పి నటించడం మొదలుపెట్టిన నాలుగో రోజున అది నిజంగానే పట్టుకుంది.

అతను మొదట్లో వినలేదు. దించితే రెండంగుళాలు దించాలి, లేకపోతే మానేయాలి అన్నాడు. గట్టి స్ప్రింగులు ఎలా ఉంటాయో చూద్దామని ఒక ఆదివారం స్ప్రింగులు వేసే మేస్త్రి సొంత కారులో ఊరంతా తిరిగొచ్చాడు. ఆరోజు ఇంట్లో ఒక్క వస్తువూ కదలలేదు. సాయంత్రం గుమ్మంలో నిలబడి, “కుదుపు లేకుండా ఉండేవే వేయిద్దాంలే. నీ నడుము ముఖ్యం,” అన్నాడు. నడుంనొప్పి ఇంత బాగా పనిచేస్తుందని ఆమె అనుకోలేదు.

స్ప్రింగుల మేస్త్రిని ఊళ్ళో దూది మేస్త్రి అనేవారు. బండి పరీక్షకి తీసేటప్పుడు రెండు చెవుల్లోనూ దూది కుక్కుకునేవాడు. ఊరి రోడ్లన్నీ వింటే ఊళ్ళో ఎవరి మొహమూ చూడలేమని ఆయన అభిప్రాయం. ముప్ఫై ఏళ్ళుగా రెండు కార్లు పట్టే రేకుల షెడ్డులో, నూనె మరకల నేల మీద, ఒక్కడే పనిచేస్తున్నాడు.

కోర్టుకి సెలవున్న రోజు చూసుకుని ఇద్దరూ వెళ్ళారు. మేస్త్రి బల్ల మీద మూడు రకాల స్ప్రింగులు నిలబెట్టాడు.

“ఇవి రెండంగుళాలు దించుతాయమ్మా. చూపుకి బ్రహ్మాండం. అగ్గిపుల్ల మీద ఎక్కినా నడ్డికి తెలుస్తుంది. ఇవి అరంగుళం. దించినట్టు మీకు తప్ప ఎవరికీ తెలీదు. ఈ మధ్యవి చూడండి. పైచుట్లు దగ్గరగా, మెత్తగా ఉన్నాయి. కిందవి ఎడంగా, గట్టిగా ఉన్నాయి. మామూలు కుదుపులన్నీ పైచుట్లే చూసుకుంటాయి. బరువు పడితే అవి మూసుకుపోతాయి, అప్పుడు కిందవి పనిలోకి దిగుతాయి.”

“మరి రోడ్డు?” అంది స్టెనో.

“ఇద్దరే కూర్చుంటే రోడ్డు మూగదే.”

“మేమెప్పుడూ ఇద్దరమే,” అన్నాడు మెకానిక్, ఆమెకన్నా ముందు. మధ్యవి ఖాయమయ్యాయి.

మేస్త్రి జాకీ ఎక్కించి, ఒక్కో చక్రం విప్పి, పాత స్ప్రింగులు తీసి కొత్తవి బిగించాడు. కిందికి దిగిన బండి అడుగున కొట్టుకోకుండా లోపలి రబ్బర్లు కాస్త కోశాడు. మధ్యాహ్నానికి కారు నేల మీద నిలబడింది. మెకానిక్ వేళ్ళు దూర్చి చూశాడు. రెండున్నర. ఎగిరి గంతేయాల్సిన మనిషి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని రోడ్డు వైపు చూశాడు.

అప్పుడు మేస్త్రి షెడ్డు మూలనుంచి ఇసుక మూటలు మోసుకొచ్చాడు. మూడు వెనక డిక్కీలోకి, ఒకటి వెనక సీటు మీదికి.

“మూటలొద్దు,” అన్నారు ఇద్దరూ ఒకేసారి. అని, ఒకరినొకరు చూసుకున్నారు.

డిక్కీ మురికైపోతుందన్నాడతను. నడుము గుర్తు చేసిందామె. మేస్త్రి నాలుగో మూట సర్దుతూనే ఉన్నాడు.

“బరువెక్కించకుండా చూస్తే ఏ స్ప్రింగైనా మంచిదే సార్. ఉద్యోగంలో చేరిన రోజు అందరూ మంచివాళ్ళే. బస్టాపు రోడ్డులో పైపు కోసం తవ్వి పూడ్చినచోట ఈమధ్య కుంగిన గుంట ఒకటుంది. దాంట్లో మూడుసార్లు దింపి చూడందే నేను ఏ బండీ ఇవ్వను.”

స్టేషన్ రోడ్డు బాగుంటుందన్నాడు మెకానిక్. ఆస్పత్రి రోడ్డు ఇంకా బాగుంటుందంది స్టెనో. తొమ్మిదేళ్ళలో ఒక విషయం మీద ఇద్దరూ అంత గట్టిగా ఏకమైంది లేదు. అప్పటికే మేస్త్రి చెవుల్లో దూది కుక్కేసుకున్నాడు.

మేస్త్రి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మెకానిక్ పక్కన, స్టెనో వెనక, ఇసుక మూటకి ఆనుకుని. బజారు వీధి మలుపులోనే సీటు మాట్లాడటం మొదలుపెట్టింది. “తాళం వేశానా?” అందెవరో. ఒక పిల్ల పన్నెండో ఎక్కం చదువుతూ ఏడు దగ్గర తప్పింది. “నేనన్నానని చెప్పకు” అన్న మాట ఆరు గొంతుల్లో వినిపించింది. మెకానిక్ ఊరుకోకుండా టైర్ల గురించి, ఎండ గురించి, రోడ్డు వెడల్పు గురించి మాట్లాడాడు. రేడియో మీదికి చెయ్యి పోనిచ్చాడు. మేస్త్రి ఆ చెయ్యి తీసి అతని ఒళ్ళోనే పెట్టాడు. స్టెనో వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. ఎవరు మాట్లాడినా రాసుకోవడం ఆ వేళ్ళకి అలవాటు.

బస్టాపు రోడ్డు వచ్చింది. ఆరోజు మాట్లాడిన చోటే నేల తర్వాత కుంగి, బారెడు గుంట పడింది. కారు అందులోకి దిగింది. వెనక స్ప్రింగులు బరువుకి మూసుకుపోయి, గట్టి చుట్ల మీద నిలబడ్డాయి.

“ఆర్డరొచ్చిందక్కా, పై కోర్టుకి,” అంది సీటు, ఆమె గొంతుతో. కదలని కుర్చీ మాట కూడా చెప్పి, ఫోన్లో చెప్తానన్న మాట దగ్గర ఆగింది.

ఆమె వేళ్ళు నిలిచిపోయాయి. ముందు సీట్లో అతని మెడ కనిపిస్తోంది. అది ఉలిక్కిపడలేదు, వెనక్కి తిరగలేదు. తెలిసిన సంగతి విన్న మనిషి మెడలా ఉంది.

మేస్త్రి బండి వెనక్కి తీసి మళ్ళీ దింపాడు. ఈసారి మగగొంతు. “వెళ్ళు. నేనేమన్నా పట్టుకున్నానా?” కాసేపు చెప్పుల చప్పుడు. వెనకాల చినుకుల శబ్దంతో మళ్ళీ అదే గొంతు: “మూడొందలంటే ఆరు గంటలు. ఆదివారాలు వచ్చి పోవచ్చు. అదేం పెద్ద దూరం కాదు.” తర్వాత దగ్గర ఏదో బస్సు బ్రేకు. గొంతు సవరించుకున్న చప్పుడు. మళ్ళీ అదే చప్పుడు.

మూడోసారి బండి దిగేసరికి ఆమె మూటని రెండు చేతులా పట్టుకుని ఉంది.

“కుర్చీలు కదపను. అంటే, కదపకుండా ఉండగలనో లేదో తెలీదు. ఆ ఊళ్ళోనూ లిఫ్టులుంటాయి, పగలంతా వాటితో సరిపెట్టుకుంటాను. ఇంటికొచ్చాక నువ్వెక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. నన్ను కూడా తీసుకుపో.”

ఆ మాటలన్నీ ఆ బారెడు గుంటలోనివే. ఒక అడుగు ఇవతలగానీ అవతలగానీ అన్న మాట ఒక్కటి లేదు. ఒకరోజు ఎండ, ఒకరోజు చినుకులు, ఒకరోజు బస్సులు. ఎన్ని రోజులు వచ్చాడో, వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అక్కడే నిలబడ్డాడు.

మేస్త్రి బండిని గుంటలోనే ఆపి, కొలిచే టేపు తీసుకుని దిగి, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

“ఎప్పుడు విన్నారు?” అందామె.

“ఆ ఆదివారం. మేస్త్రి కార్లో.”

“అడగలేదేం?”

“నువ్వు చెప్తావని చూశా. నీ నోటితో చెప్పేదాకా వినపడకుండా ఉండే స్ప్రింగులు వెతికా.” అతను ఇంకా ముందుకే చూస్తున్నాడు. “ఈ మూటల సంగతి నాకు తెలీదు.”

“మరి ఇక్కడికొచ్చి మాట్లాడటమేంటి? ఇంట్లో అనుకోవచ్చు కదా.”

“ఇంట్లో మొదలుపెడితే చేతులు ఏదో ఒకటి జరపడానికి పోతాయి. మాట సగంలో ఆగిపోతుంది. ఇక్కడ జరపడానికేం లేదు.”

మేస్త్రి రెండో చక్రం దగ్గరికి జరిగాడు. బస్టాపులో ఎవరో బస్సు కోసం మెడ సాచి చూస్తున్నారు. స్టెనో నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. పదిహేనేళ్ళుగా ఊరందరి మాటలూ రాసిన మనిషికి తన మాట పెదవి దాటడానికి అంత సేపు పట్టింది.

“ఆర్డరొచ్చిందండీ,” అంది. “పై కోర్టుకి.”

అతను సీట్లో మొత్తంగా వెనక్కి తిరిగి, అప్పుడే మొదటిసారి వింటున్న మనిషిలా విన్నాడు.

“ఎప్పుడు చేరాలి?”

“వచ్చే నెల పదో తారీకు.”

మేస్త్రి లేచి ఒక చెవిలో దూది తీశాడు. “అడుగున ఎక్కడా కొట్టలేదమ్మా. నడుముకెలా ఉంది?”

నడుము బాగుందంది. ఇద్దరు మనుషులు ఇంటి సామానంతా వేసుకుని హైవే మీద ఆరు గంటలు పోతే ఈ స్ప్రింగులు ఓర్చుకుంటాయా అని అడిగింది. ఓర్చుకుంటాయన్నాడు మేస్త్రి. హైవే మీద ఎవరూ ఆగి మాట్లాడరు కాబట్టి దారంతా వినడానికి మాత్రం ఏమీ ఉండదన్నాడు.

మెకానిక్ అప్పటికే కారు దిగి డిక్కీ తెరిచాడు. బండి ఎడమవైపుకి వెంట్రుకవాసి వాలిందట. ఒక మూటని కుడికి జరపాలి. అది అతనొక్కడికీ లొంగడం లేదు. స్టెనో కాసేపు అద్దంలోంచి చూసింది. తర్వాత దిగి వెళ్ళి, మూట రెండో కొస పట్టుకుంది.