నీలం చొక్కా

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకునేలోగా అతను బల్ల మీద దుప్పటి సర్దాడు. కిటికీలోంచి ఎండ సరాసరి కళ్లల్లో పడుతోంది. విసుక్కుని తల తిప్పుకున్నాడు తప్ప, ఇన్నాళ్లూ లేని ఎండ ఇవాళెందుకు పడుతోందని ఆలోచించలేదు. ఆలోచించడానికి వేరే సంగతులున్నాయి.

అధ్యక్ష పదవికి పోటీ చేసినవాళ్లలో ఎవరికీ సగం ఓట్లు రాలేదు. అలాంటప్పుడు చీటీలు తీసి పదకొండు మందిని పిలిచి, మొదటి ఇద్దరిలో ఒకరిని తేల్చమంటారు. దేశమంతా కలిసి తేల్చలేనిదాన్ని తేల్చే ఆ పదకొండు మందిలో, ఊరి బట్టల ముడతలు తీసి బతికే తనొకడు.

కబురు వచ్చిన దగ్గర్నుంచీ లోకం తీపెక్కిపోయింది. మొహం చిట్లించే ఇంటి యజమాని అడక్కుండానే గోడలకు సున్నం వేయించాడు. పాలవాడు చిక్కటి పాలు పోస్తే అతను భార్య చేత పారబోయించాడు. అనుమానం పెనుభూతమని ఆవిడ అంటే, ఆ మాట కూడా ఎవరో అనిపించారనుకున్నాడు.

అదే పాకలో మిషను ముందు దర్జీ గుండీలు కుడుతున్నాడు. కుర్రతనం నుంచీ ఇద్దరి పనీ ఒకే కప్పు కింద. దగ్గు ఆపుకుంటూ చొక్కా ఎత్తి చూపించాడు.

“ఇది తొడుక్కెళ్లు బావా. అందరి ముడతలూ తీసేవాడివి, నువ్వు చిరుగులతో వెళ్తావా?”

చొక్కా నీలం. పోటీలో మిగిలిన ఇద్దరిలో ఒకరైన పంతులమ్మ జెండా రంగు. మాటకు నిలబడే మనిషని అతను ఓటు వేద్దామనుకున్నది ఆ పంతులమ్మకే. అయినా చొక్కాను అనుమానంగా ఎగాదిగా చూశాడు.

“గుడ్డ ఎవరిచ్చారు?”

దర్జీ సూది ఆపి అతని మొహంలోకి చూశాడు. “చేత్తో పట్టుకో, నీకే తెలుస్తుంది,” అని తల దించుకున్నాడు.

పంతులమ్మ మనుషులే ఇచ్చుంటారనుకుని అతను పట్టుకోలేదు. చిరిగిన చొక్కాతోనే వెళ్లాడు.

ఓట్లు వేసే గది తలుపులు మూశారు. మిగతా పదిమందీ అమ్ముడుపోయినట్టే కనిపించారు. తను మాత్రం అమ్ముడుపోనని పళ్లు బిగబట్టి, పంతులమ్మను వదిలి రెండో పేరు మీద ముద్ర గుద్దాడు. పంతులమ్మ ఒక్క ఓటుతో ఓడిపోయింది.

తిరిగొచ్చేసరికి పాక ముందు జనం. దర్జీ భార్య గుమ్మంలో కూర్చుని ఉంది.

“నువ్వెళ్లిన కాసేపటికే అన్నయ్యా. కుడుతూ కుడుతూ మిషను మీద తల వాల్చాడు, అంతే. ఒంట్లో బాలేదు, మానెయ్యమంటే విన్లేదు. నీకు మంచి చొక్కా ఒక్కటీ లేదని.”

లోపలికి వెళ్లి చొక్కా తీశాడు. వేళ్లకు తగలగానే తెలిసింది. ఎండకు వెలిసిన వైపు దర్జీ లోపలికి తిప్పి కుట్టాడు. ఇస్త్రీ చేసేటప్పుడు తన కళ్లల్లో ఎండ పడకూడదని దర్జీ ఏళ్లనాడు కిటికీకి కట్టిన తెర అది. ఎన్నిసార్లో తనే ఉతికి ఇస్త్రీ చేశాడు. బల్ల పట్టుకుని ఏడ్చాడు.

చొక్కాకు ఆఖరి గుండీ సగమే కుట్టి ఉంది. దారం చివర సూది ఇంకా వేలాడుతోంది.