తిప్పిన గుడ్డు

చేలో డ్రిప్పు పైపు కోసం కాలువ తవ్వుతుంటే మట్టిలో తెల్లగా, గుండ్రంగా ఏవో కనిపించాయి. ప్రేమమ్మ పార అక్కడే పడేసి గట్టెక్కింది.

"పాము గుడ్లు! స్వర్ణా, దగ్గరికి పోగాకు!"

రాయచోటిలో డిగ్రీ చదివే కూతురు స్వర్ణలత వంగి చూసి నవ్వింది.

"పాము గుడ్డుకు ఇంత గట్టి పెంకు యాడుంటాది మా? ఇవి చుక్కల తాబేలు గుడ్లు."

ఫోన్ చేస్తే అటవీ శాఖ వాచర్ శేషన్న వచ్చాడు. "ఇంటికి తీసకపోతే కేసయితాది. ఉన్నచోటనే కప్పెట్టి, నక్కలు తవ్వకుండా పైన గంప బోర్లించండి" అన్నాడు. స్వర్ణలత ఐదు గుడ్లకూ పైభాగాన పెన్సిల్‌తో గీతలు పెట్టి మన్ను కప్పింది.

ఇక ప్రేమమ్మకు దిగులు పట్టుకుంది. ఎండకు నేల పెనంలా కాలుతోంది, గుడ్లు లోపలే ఉడికిపోతాయేమో. నీళ్లు పోస్తే కుళ్లిపోతాయేమో.

"ఎక్కువ తడి కూడదు మా. నీడ చాలు. మంటి వేడిని బట్టే లోపల పిల్ల ఆడో మగో అయితాది. వేడెక్కువైతే ఆడవి."

"అట్లయితే మన ఎండలకు అన్నీ నీ మాదిరి నోరుండేటియే పుడతాయి" అంటూ ప్రేమమ్మ పైన ఈత చాప కట్టింది.

అయినా మనసు ఊరుకోలేదు. పొదిగే కోడి రోజూ ముక్కుతో గుడ్లు తిప్పుతుంది. తిప్పకపోతే పిల్ల ఒకపక్కకు అంటుకుపోతుంది. మరి వీటికి తిప్పే తల్లేది? ఒక మధ్యాహ్నం గంప తీసి, మన్ను తోడి, గట్టు వైపున్న గుడ్డును బోర్లా తిప్పింది.

"ఏం జేస్తాండావు మా!" స్వర్ణలత పరుగెత్తుకొచ్చింది. "ఇది కోడిగుడ్డు కాదు! పిల్ల పైపెంకుకు అతుక్కోని పెరుగుతాది. తిప్పితే సచ్చిపోతాది!"

ప్రేమమ్మ చప్పున చేతులు వెనక్కి తీసుకుంది. కూతురు గీత పైకొచ్చేలా గుడ్డును మెల్లగా సర్దింది. "వెంటనే సర్దినాం గదా, బతుకుతాదేమోలే" అంది. ఆ 'ఏమో' ప్రేమమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు తెరిచినా ఆమె ప్రార్థన ముగియలేదు.

"తాబేలు గుడ్డుకు ప్రార్థనా!" సంగతి తెలిసి పక్క చేని వెంకటేశ్వరమ్మ నవ్వింది. "నీ బిడ్డ పుట్టినప్పుడన్నా ఇంత ఏడ్చినావామ్మే?"

"అప్పుడు దేన్నీ తిప్పలేదు గదక్కా!"

ఎండాకాలం గడిచి, చివరికి మంచి వాన పడింది. గట్టి నేల మెత్తబడగానే నిమ్మకాయంత పిల్లలు నాలుగు పైకి వచ్చాయి. గట్టు వైపు మన్ను మాత్రం కదల్లేదు.

"అది ఇంగ రాదు లేమ్మా" అని పిల్లల్ని చూడటానికి వచ్చిన శేషన్న గంప ఎత్తబోయాడు. ప్రేమమ్మ దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది.

"నా చేత్తో తిప్పినా. నేనే చూస్తా. నువ్వు పోప్పా."

మళ్లీ వాన పడింది. తెల్లారి ప్రేమమ్మ గంప ఎత్తింది. గట్టు వైపు మన్ను పగిలింది. చిన్న ముక్కు, వెనకే రెండు కాళ్లు, చుక్కల వీపు. ఆ వీపు మీద అంటుకున్న పెంకు ముక్కపై పెన్సిల్ గీత.

"వెంకటేశ్వరక్కా! నా గుడ్డు బతికినాది! బతికినాదే!"

ఆ కేకకు పక్క చేలో కూలీలంతా నడుములెత్తి చూశారు. ప్రేమమ్మ కొంగు నడుముకు దోపి, తలెత్తి, ముళ్లపొదల వైపు నడిచే తాబేలు పిల్ల వెంట రాణిలా నడిచింది. రెండడుగులు వేసి ఆకాశం వంక చూసింది.

"స్వర్ణా, గంప పట్రా! కాకి వస్తాండాది!"