ఐదో గడి

ఆనకట్ట గేట్ల దగ్గరి మనిషి ఫోనులో చెప్పిన నీటిమట్టాన్ని ఆమె ఒక్కొక్క అంకె చొప్పున గళ్ళలో కొడుతోంది. ఫోర్ట్రాన్ అనే ఆ పాత కంప్యూటరు భాషకు ఏ అంకె ఏ గడిలో ఉండాలో ఆ గడిలోనే ఉండాలి. ఒక్క గడి ఎడమకు జరిగితే పదిని వందగా చదివేసుకుంటుంది. అందుకే ఆఫీసులో ఆమె పేరు గళ్ళక్క. కూరగాయలు కూడా గళ్ళు లెక్కపెట్టుకునే తరుగుతుందని వెక్కిరిస్తారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

ప్రింటరు గరగరలాడి కాగితం వదిలింది. మట్టం సరిగ్గానే ఉంది. జలాశయం నిల్వ ఉండాల్సిన చోట మాత్రం నాలుగు నక్షత్రపు గుర్తులు.

"ఏంటక్కా, పట్టపగలే చుక్కలు చూపిస్తున్నావు?" అన్నాడు ఇంజనీరు. "అంకె లేందే గేట్లు ఎంత ఎత్తమని చెప్పను? దిగువన ఊళ్ళున్నాయి."

"అంకె ఉంది సార్. పట్టడానికి చోటు లేదు."

ఆ చోటు కొలిచినవాడు ఆమె మావయ్య. ఈ కుర్చీలో ఆమెకంటే ముందు కూర్చున్నవాడు, కోడలికి ఓపిగ్గా పని నేర్పినవాడు. నిల్వకు నాలుగు గళ్ళు చాలన్నాడు. "నిండితే, మావయ్యా?" అని కొత్తలో అడిగింది. "నిండనీ, అప్పుడు చూద్దాం," అన్నాడు. వానలు ఏళ్ళ తరబడి మొహం చాటేశాయి. ఆయన మంచం పట్టాడు. అయినా రోజూ సాయంత్రం "నీళ్ళెంతమ్మా?" అని అడగడం మానలేదు. ఇవాళ పొద్దున మాత్రం ఆయనకు మాట సరిగా రాలేదు. ఆయన ఉండగానే ఈ అంకె చెప్పాలని ఆమెకు ఒకటే ఆత్రం.

అయినా తొందరపడలేదు. పక్కనున్న ఖాళీలోంచి ఒక గడి తీసి నిల్వకిచ్చింది. మిగతా వరుసలేవీ కదలలేదు. ఈసారి ఐదంకెలూ పడ్డాయి. ఇంజనీరు ఫోనందుకున్నాడు, గేట్లు లేచాయి. ఆమె రెండో ప్రతి మడిచి సంచిలో పెట్టుకుని పరుగున ఇల్లు చేరింది.

మావయ్య కాగితం అందుకుని, దిండు కిందనుంచి తన చెక్క స్కేలు తీశాడు. గళ్ళకు కొలతగా సిరాతో గీతలు పెట్టుకున్న స్కేలు అది. కాగితాన్ని దిండు పక్కన పరిచి, స్కేలును అంకె కింద ఆనించాడు.

"ఐదు," అని గొణిగాడు. "నాదే పొరపాటమ్మా."

"మనిద్దరిదీ, మావయ్యా. నేనూ మార్చలేదుగా."

ఆయన నవ్వాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చేసరికి ఆ నవ్వు అలాగే ఉంది, ఊపిరి లేదు. గ్లాసు కింద పెట్టి, మంచం అంచున కూర్చుని ఆమె ఏడ్చింది.

అందరూ వచ్చి ఆయన్ని తీసుకెళ్ళాక దుప్పటి దులపబోయి ఆగిపోయింది. కాగితం మీద స్కేలు ఇంకా అక్కడే ఉంది, ఐదో అంకె కింద.