నలభై ఒక్క నోళ్లు

పదిన్నరకే అరవై చీట్లు దాటాయి. చలిజ్వరాల వాళ్లు ఆసుపత్రి వరండా నిండా మూలుగుతూ పడి ఉన్నారు. యాజులు డాక్టరు ఒక రైతు వీపు మీది కురుపు కోసి చేతులు కడుక్కుంటుండగా టపా వచ్చింది. మద్రాసు స్నేహితుడు పంపిన వైద్య పత్రిక. ఎనిమిది నెలల కిందటి సంచిక.

తడిచేతులతోనే విప్పాడు. పదిహేడో పుటలో తన వ్యాసం ఉంది. చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీల్చే ఆడవాళ్లకు అంగిట్లో రాచపుండు ఎలా పుడుతుందో అందులో ఉంది. నలభై ఒక్కమంది వయసులూ, ఎన్నేళ్లుగా తాగుతున్నదీ, పుండు ఎక్కడ మొదలైందీ, పట్టికంతా తనదే. మూడేళ్లపాటు ఎడ్లబండి మీద ఎస్. రాయవరం దాకా తిరిగి చూసిన నోళ్లు అవి. మగ డాక్టరు ముందు సిగ్గుపడే వాళ్లను ఆయా సింహాద్రమ్మ ఇంటింటికీ వెళ్లి బుజ్జగించింది.

పైన అచ్చయిన పేరు మాత్రం రామచంద్రమూర్తి గారిది. పై అధికారి ద్వారానే పంపాలన్నారని యాజులు ఆయనకే పంపాడు.

చివరి పేరా కోసం వెతికాడు. పుండు ఇంకా చిన్నదిగా ఉన్న ఎనిమిదిమందిని వెంటనే పట్నం ఆసుపత్రికి చేర్చి కోయిస్తే బతుకుతారనీ, వాళ్లకు బండీ, అక్కడ మంచమూ ఇప్పించాలనీ రాసిన పేరా. అది లేదు.

మధ్యాహ్నం రామచంద్రమూర్తి గారే తనిఖీకి దిగారు. వెంట కెమెరా పెట్టె ఉంది.

"మన లెక్కల్ని కలకత్తాలో ఇద్దరు తమ వ్యాసాల్లో ఉదహరించారోయ్. లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఫోటోలు కావాలట. నువ్వు ఈ నోళ్ల లెక్కలకు రెండో పుస్తకం మొదలెట్టావటగా?"

"ముప్ఫైమంది అయ్యారండి."

"భేష్. నీ ప్రమోషనుకి నేను రాస్తాను. ముందు ఒక ముదిరిన కేసు చూపించు."

సింహాద్రమ్మ వరండాలోంచి దేవుడమ్మను తీసుకొచ్చింది. చెరుకు కొట్టే కూలి మనిషి. ఆ ఎనిమిదిమందిలో ఒకతె. బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది.

"నోరు తెరిపించవయ్యా," అన్నారు రామచంద్రమూర్తి గారు, కెమెరా సర్దుకుంటూ.

దేవుడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెరవను బాబూ. పోయినేడు తెరిసినాను. ఈ బాబుగారు రాసుకున్నారు. అప్పుడు సెనగ్గింజంత ఉండీది. ఇప్పుడు గెంజి దిగట్నేదు." యాజులు వైపు తిరిగింది. "ఆ రాసిందాన్లో నాకేటి సెయ్యమని రాసినారు బాబూ?"

రాసిన పేరా తీసేశారని యాజులు చెప్పవచ్చు. కానీ ఆ వ్యాసం అచ్చులో చూసేదాకా ఏడాది పాటు చేతులు కట్టుకుని కూర్చున్నది తనే. ఒక్కనాడు బండి కట్టించి ఈమెను పట్నం పంపలేదు. అచ్చులో తన పేరు చూసుకోవాలని ఎదురు చూస్తుండగా ఆమె నోట్లో పుండు పెరిగింది.

"మూర్ఖపు మనిషి. రేపు ఇంకెవరినైనా చూద్దాం," అన్నారు రామచంద్రమూర్తి గారు. "ఆ రెండో పుస్తకం ఇలా ఇయ్యి."

పుస్తకం బల్ల మీదే ఉంది. యాజులు దాన్ని తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇవ్వనండి."

"ఏమిటీ?"

"వీళ్లకు మంచాలు ఇప్పించిన తర్వాత అడగండి. అప్పుడు మీ పేరే వేసుకోండి."

రామచంద్రమూర్తి గారు కెమెరా పెట్టె మూత నెమ్మదిగా మూశారు. "కొయ్యూరు కొండల్లో డాక్టరు లేక ఏడాదైంది. అంతకుముందు ఉన్నవాడు జ్వరంతో పోయాడు. తెలుసుగా?"

"తెలుసండి."

ఇంట్లో నెలలు నిండిన భార్య అలివేలుమంగ కళ్ల ముందు మెదిలింది. యాజులు పుస్తకం ఇంకా గట్టిగా అదుముకుని సింహాద్రమ్మను పిలిచాడు.

"బండి కట్టమను. దేవుడమ్మతో పాటు మిగతా ఏడుగురినీ ఎక్కించుకుని బేగి పట్నం పోవాలి. వాళ్ల ఇళ్లు గుర్తున్నాయా?"

"ఇళ్లు గురుతేనండి," అంది సింహాద్రమ్మ. నేల చూపులు చూసింది. "ఏడుగురు లేరు బాబూ. ముగ్గురే ఉన్నారు."