పీరమ్మను సరోజన చేసినవాళ్ళు

సరోజన అని పిలిస్తే పలకవద్దని పర్శరాములు కూతురికి చెప్పలేదు. ఆ పిల్లే పలకలేదు. పదకొండు రోజులు బడిలో ముందు వరుసలో కూర్చుంది. పదకొండు రోజులూ పంతులు సారంగపాణి ఆమెకు గైరుహాజరు వేశాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం, తండ్రిని తీసుకురమ్మని ఇంటికి పంపాడు.

పర్శరాములు మగ్గం గుంటలోంచి లేవకుండానే అడిగాడు.

"ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే బాపూ. సారు సరోజనా, సరోజనా అని పిలుస్తాండు. నన్ను గాదు గద అని ఊకున్న."

"సరోజన ఎవలు?"

"నేనేనట."

మగ్గం ఆగింది. పొయ్యి దగ్గర ఉన్న అక్క సోమక్క తల దించుకుంది. పిల్లను బడిలో చేర్చింది ఆమే. ఆ రోజు పర్శరాములు చీర ముగించే తొందరలో ఉండి వెళ్ళలేదు.

"ఏందక్కా ఇది?"

"నేనేం జేద్దు తమ్మీ. వాడకట్టు పిల్లలందర్ని వరుసగ నిలవెట్టిన్రు. కులపెద్ద వెంకటరాజం మామ పంతులు పక్కన కూసోని ఒక్కొక్క పేరు రాయించిండు. మన పిల్ల కాడికి రాంగనె, ఈ పేరు ఇగ వద్దు, సరోజన అని రాయి పంతులూ అన్నడు. నేను నోరు తెరిచేసరికె రాసుడయిపోయింది."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తె నువ్వు ఊకుంటవా?"

ఊరుకోడు. అందుకే చెప్పలేదు.

పోలీసు చర్య జరిగి పది నెలలయింది. ఉర్దూ బడి పోయి తెలుగు బడి వచ్చింది. వాళ్ళుండే నేతగాళ్ళ పేట కొత్తవాడలో పేర్లు మారడం కూడా అప్పుడే మొదలయింది. అంతకుముందు సాలెవాళ్ళలో ముస్లిం మహాత్ముడైన పీరు పేరు పెట్టుకోని ఇల్లు తక్కువ. పిల్లలు దక్కని ఆడవాళ్ళు పీర్ల పండుగనాడు తడిబట్టలతో నిప్పుల గుండం చుట్టూ తిరిగి మొక్కుకునేవారు. బిడ్డ దక్కితే పీరు పేరే పెట్టేవారు. ఫకీరయ్య, హుస్సేనమ్మ, పీరయ్య, పీరమ్మ. మార్కండేయుడికి మొక్కిన చేతులతోనే పీరుకు ఊదు వేశారు. ఎవరికీ తప్పుగా తోచలేదు.

ఇప్పుడు తోచింది. ఫకీరయ్య పరమేశ్వర్ అయ్యాడు. హుస్సేనమ్మ అరుంధతి అయింది. వెంకటరాజం మనుమరాలు ఫకీరమ్మను కమల చేశారు. ఒక్క వేసవిలో వాళ్ళ గల్లీలోనే తొమ్మిది పేర్లు మాయమయ్యాయి. నిన్నటిదాకా గల్లీకి ఇద్దరు పీరమ్మలు ఉండేవారు. ఇవాళ కొత్తవాడ మొత్తంలో పర్శరాములు కూతురు ఒక్కతే మిగిలింది.

ఆ పేరు పెట్టింది అతని భార్య అనసూర్య. ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు. నాలుగోసారి నెల తప్పగానే వర్ధన్నపేట దగ్గరి పుట్టింటికి వెళ్ళి, ఆ ఊరి పీరుకు మొక్కింది. పిల్ల పుట్టిన ఇరవై ఒకటో రోజున తొట్లె మీద చెయ్యి వేసి, "ఇచ్చినోని పేరు ఇది. ఎవలు ముట్టొద్దు" అంది. భర్తతో సహా అందరికీ చెప్పిన మాట అది.

పిల్లకు మూడేళ్ళప్పుడు అనసూర్య కలరాతో పోయింది. ఆ రోజు వాడకట్టు తలుపులు మూసుకుంది. పాడె మోయడానికి నలుగురు రాలేదు. పర్శరాములు ఎడ్లబండి తెచ్చుకొని, శవాన్ని తానే ఎత్తి పడుకోబెట్టి, తానే తోలుకుపోయాడు. ఆనాడు మూసి ఉన్న తలుపులు ఏవేవో అతను ఇవాళ్టికీ వరుసగా చెప్పగలడు. మొదటిది వెంకటరాజంది.

ఆ సాయంత్రమే అతను వెంకటరాజం ఇంటికి వెళ్ళాడు. అరుగు మీద నలుగురైదుగురు కులపువాళ్ళు కూర్చుని ఉన్నారు.

"రా అల్లుడా. చాయ్ తాగుతవా?" అన్నాడు వరసకు మామ అయ్యే వెంకటరాజం.

"తాగ. నా బిడ్డ పేరు ఎవల్నడిగి మార్చినవ్ మామా?"

"అడుగుడేంది? కులపోళ్ళ మంచిచెడ్డ చూసుడు నా పనేనాయె. దినాలు మారినయ్. రేపు ఆ పేరు చూసి, మీరు ఎవలు, ఎటు దిక్కు అని అడిగితె ఏం జెప్తవ్?"

"సాలోన్ని అని చెప్త. ఎనుకట ఏం చెప్పిన్నో అదే."

పక్కనున్న యాకయ్య నవ్వాడు. "జర తెలివి తెచ్చుకో పర్శరాములన్నా. మా ఫకీరయ్యను పరమేశ్వర్ చేసినం. పిలగానికి ఏమన్నయిందా? దున్నపోతు లెక్కున్నడు."

"ఇంట్ల ఏమని పిలుస్తవ్?"

"పరమేశ్వర్ అనే."

"మరి ఇయ్యాల పొద్దుగాల, ఓ ఫకీరిగా బువ్వకు రారా అని గల్లీల ఒర్రింది నువ్వు గాదా? ఎవడన్న దొంగ నీ గొంతు ఎత్కపోయిండా?"

అరుగు మీద ఇద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. యాకయ్య గడ్డం గోక్కున్నాడు.

వెంకటరాజం కర్రతో నేలను కొట్టాడు. "ఆపుర్రి! అల్లుడా, పెండ్లాం పోయిన కాన్నుంచి నీకు తిక్క లేచింది. ఎవలన్న ఊకున్నరంటె నీ మీద జాలితోని. సరోజనంటె మంచి పేరు, తామరపువ్వు. పీరమ్మకు ఏం అర్థమున్నది?"

"ముగ్గుర్ని బొందవెట్టినంక దక్కిన పిల్ల అని అర్థం. నా అనసూర్య తడిబట్టతోని నిప్పుల చుట్టు తిరిగిందని అర్థం. తామరపువ్వు ఏ చెర్లనన్న పూస్తది మామా. ఈ పిల్ల ఒక్కనాడే పుట్టింది."

"మొక్కు తీరిపాయె. ఇంక ఆ పేరెందుకు?"

"తీరిందా? మరి మొన్న నీ మనుమరాలికి తట్టు పోసినప్పుడు అత్త యాడికి పోయింది? కొంగుల ఊదు కట్టుకోని పీర్ల కొట్టానికి పోయింది. నూలు తెస్తాంటె ఆ కొట్టం ముంగట నాకు కనవడ్డది. కమలను బతికించు అని మొక్కలే. ఫకీరమ్మను బతికించు అని మొక్కింది. ఈ చెవులతోని ఇన్న."

లోపలి నుంచి వెంకటరాజం భార్య లక్ష్మీనర్సమ్మ గొంతు వచ్చింది.

"పోయిన. అయితేంది? పిల్ల బతికింది గద!"

"నువ్వు లోపటికి నడువు!" అని అరిచాడు వెంకటరాజం.

"నేను లోపట్నే ఉన్న."

మళ్ళీ ఎవరో నవ్వారు. ఆ నవ్వే వెంకటరాజాన్ని కాల్చింది. లేచి నిలబడ్డాడు.

"ఇను పర్శరాములూ. పేరు మార్చకుంటె నీకు కులంల నిప్పు లేదు, నీళ్ళు లేవు. మంచికి చెడ్డకు నీ ఇంటికి ఎవలు రారు."

"ఎన్నడు వచ్చిన్రు గనుక? నా పెండ్లాం పీనుగు బండి మీద పోయిననాడు నీ తలుపుకు లోపట గొండ్లెం ఉండె. నేను చూసుకుంటనే పోయిన. ఎన్నడు రానోడు ఇగ రానంటె నాకేం ఫికర్ మామా?"

జవాబు కోసం ఆగకుండా వచ్చేశాడు. సోమక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అతను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

తెల్లవారి కాగితం తీసి అర్జీ రాశాడు. చిన్నప్పుడు ఊరి బడిలో ఇసుక మీద దిద్దిన చదువు అతనిది. అక్షరాలు లావుగా వచ్చాయి. నాలుగు మాటలు రాసి, కింద సంతకం చేసి, కూతురి చెయ్యి పట్టుకుని బడికి నడిచాడు. గల్లీలో ఎవరూ పలకరించలేదు. అతనూ ఎవరి వైపూ చూడలేదు.

సారంగపాణి పరకాల నుంచి కొత్తగా వచ్చినవాడు. తగాదాలంటే భయం.

"నాకేం పగ పర్శరాములూ. పెద్దమనిషి చెప్పిండు, రాసిన."

"తండ్రిని నేను చెప్తాన. కొట్టెయ్."

"రిజిస్టరుల కొట్టివేత ఉంటె ఇన్‌స్పెక్టరు నన్ను నిలదీస్తడు."

"మరి ఆయనొచ్చి సరోజనా లే అంటె ఎవలు లేస్తరు సారూ? గైరుహాజరు పిల్ల ముంగట కూసోని ఎక్కాలు అప్పజెప్తాంటె ఏం జవాబిస్తవ్?"

పంతులు కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. పర్శరాములు అర్జీ బల్ల మీద ఉంచాడు. పంతులు చదివాడు.

"నా బిడ్డ పేరు పీరమ్మ. తల్లి పెట్టినది. తల్లి చనిపోయినది గనుక మార్చే హక్కు కులానికి లేదు, బడికి లేదు, తండ్రినయిన నాకు కూడా లేదు."

పంతులు రిజిస్టరు తెరిచి సరోజన మీద అడ్డంగా గీత గీశాడు. పైన కొత్తగా రాశాడు. పర్శరాములు వంగి, ఒక్కొక్క అక్షరం చూసుకున్నాడు.

"రాసినగని," అన్నాడు పంతులు, సిరా అద్దుతూ. "రేపు లగ్గం నాడు ఈ పేరు అడ్డమొస్తది. ఎవడు చేసుకుంటడు?"

"పేరుకు జడిసెటోడు నా గడప తొక్కద్దు," అన్నాడు పర్శరాములు. "అసొంటోన్ని ఆపె పని గూడ ఈ పేరే చూసుకుంటది."