రెండో నమూనా

వైద్యమనే మహాసామ్రాజ్యంలో రక్తమార్పిడి శాస్త్రానికి దక్కిన రాజధాని మెట్ల కింద, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిని ఆనుకుని ఉంది. రెండు గదులు, నాలుగు ఫ్రిజ్‌లు, ఆగి ఆగి తిరిగే ఒక సెంట్రిఫ్యూజు దాని సమస్త సైన్యం. సింహాసనం మీద, అనగా చెయ్యి విరిగిన కుర్చీలో, ప్రొఫెసరమ్మ కొలువుదీరి ఉండేవారు. వైద్య విద్యార్థులు శిక్షణ పేరుతో విచ్చేసి, హాజరు వేయించుకుని, చల్లదనానికి కాసేపు కునికి నిష్క్రమించేవారు.

అటువంటి చోట ఆ ఏడు పైచదువుకు ఒక సీటు పుట్టింది. ముగ్గురు పోటీ పడ్డారు. ఇద్దరు ఇంకెక్కడా చోటు దొరకక వచ్చినవారు. మూడో ఆమె అక్కడే జూనియర్ డాక్టరు. ఎక్కడైనా సీటు వచ్చేదే అయినా ఏరికోరి దీన్నే అడిగింది కనుక, ఆమెకు మతి చలించిందని బంధువర్గం ఏకగ్రీవంగా తేల్చింది. ఆమె మేనమామ సర్జరీ విభాగానికి అధిపతి, ఎంపిక సంఘంలో ఎదురులేని గొంతు. మేనకోడలి చేత కత్తి పట్టించాలని ఆయన చిరకాల వాంఛ. అయినా అక్కగారి పోరు పడలేక, సాయంత్రం ఇంటర్వ్యూలో ఆమెనే సమర్థిస్తానని మాటిచ్చాడు.

ఇంటర్వ్యూ నాటి పొద్దున ఆయన ఆపరేషను చేయవలసిన రోగికి రక్తం కావలసివచ్చింది. కొత్త రోగికి రెండు వేర్వేరు వేళల్లో తీసిన నమూనాలతో గ్రూపు చూడాలని నియమం. ఒకరికి సూది గుచ్చి మరొకరి పేరు అంటించే మహానుభావులు అన్ని యుగాల్లోనూ ఉంటారు. ఒకేసారి తీసి రెండు ట్యూబుల్లో పోస్తే తప్పుకు కవలలు పుడతారు. మొదటి ట్యూబు వచ్చింది. అరగంటకు రెండోదాన్ని సర్జనుగారే స్వహస్తాలతో మోసుకొచ్చారు.

"ఇదిగోనమ్మా. ఇప్పుడే తీశాను. త్వరగా కానియ్."

ఆమె ట్యూబును దీపానికెదురుగా పట్టింది. ఎరుపు అడుగుకు దిగింది. పైన పసుపు నీరు తేటగా నిలిచింది.

"ఇప్పుడే తీసింది అప్పుడే కూర్చుందేం మావయ్యా?"

"పాపం, అలిసిపోయిందేమో. కొందరి రక్తం తొందరగా దిగుతుంది. ఆ మాత్రం చదువుకోలేదూ?"

"చదువుకున్నాను. చల్లగా ఎందుకుందో మాత్రం చదువుకోలేదు."

సర్జనుగారు పైకప్పును పరిశీలించారు. ఆమె ట్యూబును అరచేతిలో పట్టి మళ్ళీ చూసింది.

"మొదటిసారే రెండూ తీసి ట్రేలో పెట్టారు కదూ?"

"రోగి బల్లమీద ఉన్నాడే. రక్తస్రావమేం లేదు, ఏదో ముందుజాగ్రత్తకి అడుగుతున్నాను. మావయ్య మాట మీద కాస్త నమ్మకముంచకూడదూ?"

"రక్తస్రావం లేదంటున్నారుగా. అయితే మళ్ళీ తీయించడానికి వ్యవధుందన్నమాట."

"సాయంత్రం ఇంటర్వ్యూ సంగతి గుర్తుందా నీకు?"

ఆమెకు గుర్తుంది. ఆ సీటు పోతే మరో ఏడు ఎదురుచూడాలి, అదీ సీటు మళ్ళీ పుడితే. ట్యూబును తిరస్కరించినవాటి డబ్బాలో పడేసింది. "వేరే వాళ్ళచేత తీయించి పంపండి సార్," అంది. మావయ్య సారుగా మారిన ఆ క్షణాన సర్జనుగారి ముఖం రాజ్యం పోయిన రాజు ముఖమైంది.

కొత్త నమూనా వచ్చింది. గ్రూపు అదే. ఆపరేషను ఆలస్యంగా, క్షేమంగా ముగిసింది. ఆయన ఫోన్ చేసి, "చూశావా, నేను పట్టిన కుందేలుకు నాలుగు కాళ్ళే ఉన్నాయి," అన్నాడు.

"ఉన్నందుకు సంతోషం. లెక్కపెట్టాకే తెలిసింది కదా మావయ్యా."

సాయంత్రం ప్రొఫెసరమ్మ సర్జనుగారి అభిప్రాయం అడిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ పిల్ల సర్జరీకి బొత్తిగా పనికిరాదు. సొంత మేనమామ మాటే నమ్మదు. ఇలాంటిదాన్ని నా థియేటర్‌లోకి రానివ్వకుండా మీ మెట్ల కిందే బంధించి ఉంచండి."

"అంటే మా సీటుకి సమ్మతమేనా?"

"అదే కదా చెబుతున్నాను."

సీటు ఆమెకే ఖాయమైంది. బయటికి వచ్చాక ఆయన వరండాలో ఆగి నిట్టూర్చాడు.

"మూడేళ్ళు నీతో వేగాలన్నమాట."

"చదువు మూడేళ్ళే మావయ్యా. ఆ తరవాత ప్రొఫెసరమ్మగారు రిటైరవుతున్నారు. ఆ కుర్చీ ఖాళీ."